దసరా దాకా కాలేజీ

"ఉన్నత విద్య ఈ దుస్థితికి రావడానికి బాధ్యులెవరో తేల్చేదాకా నిద్రపోను" అని శ్రీ రాయమల్లు గారు చేసిన ప్రకటన పత్రికలో ఫోటోతో సహా అచ్చయింది. వారం తిరక్కుండా అది మామిడికాయ తొక్కు జాడీ మూతికి చేరింది. ఆయన భార్య గంగుబాయి దాన్ని మడిచి, పైన పురికొస బిగించి కట్టింది.

"ఇల్లంత పేపర్లుండంగ నీకు నా పేపరే దొరికిందా?" అన్నాడు రాయమల్లు.

"గదే జర మందంగున్నది."

"దాంట్ల నా ఫోటో ఉన్నదే!"

"పైకే పెట్టిన. సూడుండ్రి, కండ్లు కనవడుతనే ఉన్నయ్."

కనబడుతూనే ఉన్నాయి. నూనె ముక్కు దాకా ఎక్కింది గాని, కండ్లు మాత్రం జాడీ మీది నుంచి తాలూకా భవిష్యత్తును చూస్తున్నాయి.

"ఇప్పు ముందు."

"ఇప్పితె తొక్కు బూజు వడుతది. బాధ్యులెవరు?"

బాధ్యుల విషయంలో రాయమల్లు గారు ఎప్పుడూ తొందరపడే మనిషి కాడు.

"అది సరే. విమలకు హైదరాబాదుల ఆడపిల్లల కాలేజీల సీటు వచ్చింది. సోమవారం లోపట చేరాలె. ఏమంటరు?" అని గంగుబాయి అసలు మాట కదిపింది.

"ముందు ఎంక్వయిరీ కానియ్యి. తాలూకా మొత్తం పరేషాన్‌ల ఉంటె నీకు నీ బిడ్డ ఫికరే!"

ఆ పరేషాన్ చిన్నది కాదు. పీయూసీ పరీక్షల్లో వాళ్ళ ఊరి కాలేజీ మొత్తం ఫెయిలయింది. ఒక్క విమల మాత్రం ఫస్టు క్లాసులో పాసయింది. ఆమె అన్న హనుమంతు నిరుటిలాగే ఈ ఏడు కూడా తప్పాడు.

ఆ కాలేజీకి అధ్యక్షుడు రాయమల్లు గారే. బిల్డింగు లేదని మంత్రిగారు పర్మిషన్ ఆపబోతే, తన జిన్నింగు మిల్లు గోదాము ఉచితంగా ఇచ్చిన దాత ఆయన. విద్య కోసం గోదాము ఇచ్చినవాడు ఆ జిల్లాలోనే మరొకడు లేడు. దసరాకు పత్తి దిగగానే దాన్ని వెనక్కి తీసుకున్నవాడూ లేడు. దసరా నుంచి శివరాత్రి దాకా గోదాములో పత్తి ఉండేది, బెంచీలు మిల్లు పక్క రేకుల షెడ్డులో ఉండేవి. మిషన్ల మోతలో లెక్చరర్ల పెదవులు కదిలేవి. ఆ కదలికను బట్టి అది కెమిస్ట్రీయో ఇంగ్లీషో పిల్లలు పోల్చుకునేవారు. దీన్ని రాయమల్లు గారు వార్షికోత్సవంలో "పరిశ్రమతో ముడిపడిన విద్య" అన్నాడు. ఎమ్మెల్యేగారు చప్పట్లు కొట్టాడు.

హమాలీలు తిరిగే చోట ఆడపిల్లకు ఏం పని అని ఆయన దసరా నుంచి విమలను మాత్రం ఇంట్లో ఉంచాడు. పెండ్లికి ముందు ఆదిలాబాదు నుంచి హైదరాబాదు పోయి ఇంటర్ చదివిన గంగుబాయి, మధ్యాహ్నం అంట్లయ్యాక పుస్తకాలు తీసి బిడ్డను ముందేసుకుని కూర్చునేది.

ఎంక్వయిరీ ఆదివారం రాయమల్లు గారి ముందరింట్లోనే జరిగింది. లోపల చాయ పోస్తున్న గంగుబాయికి అన్నీ వినబడుతున్నాయి.

"చెప్పుండ్రి ప్రిన్సిపాల్ సాబ్, బాధ్యులెవరు?"

ప్రిన్సిపాలు నాగభూషణం గారు కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. "పునాదే లేదండీ. హైస్కూలు వాళ్ళు ఏం నేర్పారో మరి" అన్నాడు.

హైస్కూలు హెడ్మాస్టరు సాంబయ్యకు రోషం వచ్చింది. "మా దగ్గరికొచ్చేటాళ్లకే ఆళ్లకు ఎక్కాలు రావు. ప్రైమరీ స్కూలోళ్లను అడుగుండ్రి."

ప్రైమరీ స్కూలు వాళ్ళను పిలవలేదు కనుక వాళ్ళు ఎదురు చెప్పలేదు. కేసు ఎంతో సాఫీగా సాగుతోంది. అంతలో తల్లిదండ్రుల తరఫున పిలిపించిన రైతు రాజయ్య తుండుగుడ్డ దులిపి లేచాడు.

"అయ్యా, నా కొడుకు ఇంటికొస్తె నెత్తి నిండ దూది. మా ముసలవ్వ అడుగుతది, వీడు సదువుతుండా, దూది ఏకుతుండా అని. నేనేం జెప్పాలె?"

"శ్రమకు గౌరవం నేర్చుకుంటుండని చెప్పు" అన్నాడు రాయమల్లు గారు. అది కాగితం మీద ఎక్కింది, దూది ఎక్కలేదు.

"పేపరే కష్టంగ వచ్చిందని రాద్దాం. ఎవరికీ నొప్పి ఉండది" అన్నాడు సాంబయ్య.

ప్రిన్సిపాలు గొంతు సవరించుకున్నాడు. "అలా రాయలేమండీ. ఒకమ్మాయి పాసైంది కదా. అదే పేపరు."

"అవ్! నా బిడ్డ. మన కాలేజీ సదువే గద!"

"దసరా నుంచి ఆ అమ్మాయి కాలేజీకి రాలేదండీ. వచ్చినవాళ్ళే తప్పారు."

ఆ రోజు మిల్లు బంద్ కావడంతో ప్రిన్సిపాలు మాట అందరికీ బాగా వినబడింది. గంగుబాయి ఆశగా గడప దాకా వచ్చి నిలబడింది. ఇప్పుడు ఎవరో ఒకరు మిల్లు మాట ఎత్తక తప్పదు.

రాయమల్లు గారు చాయ గ్లాసు కింద పెట్టాడు.

"ఊరి బయట టూరింగ్ టాకీసు పడ్డది ఎప్పుడు?"

"ఏడాదయిందనుకుంట" అన్నాడు సాంబయ్య.

"నా బిడ్డ ఒక్క సినిమా సూడలే. మిగిలినోళ్లంత సూసిండ్రు. తేలిందా?"

తేలింది. కమిటీ ఏకగ్రీవంగా సంతకాలు చేసింది. రాయమల్లు గారు ఇచ్చిన మాట ప్రకారం అప్పుడు గాని నిద్రపోలేదు. సాయంత్రం దాకా లేవలేదు.

రాత్రి అన్నాల దగ్గర ఆయన మంచి హుషారు మీద ఉన్నాడు. తొక్కు అడిగాడు. గంగుబాయి జాడీ విప్పి, ఆయన ఫోటోను పక్కన పెట్టి, గరిటెడు వేసింది.

"రేపు హనుమంతును హైదరాబాదుకు తోలుతున్న" అన్నాడు. "ఈడ ఏమున్నదే సదువు? ఎమ్మెల్యే కొడుకు ఆడ్నే ఉన్నడు, ప్రిన్సిపాలు తమ్ముడు ఆడ్నే ఉన్నడు."

"బాపరే! రెండుమార్లు తప్పినోనికి ఎవలిస్తరు సీటు?"

"ఎమ్మెల్యే సాబ్ మాట్లాడిండు."

"మరి విమల?"

"బిడ్డ ఈడ్నే చదువుతది. మనకు డిగ్రీ పర్మిషన్ వచ్చింది, జూలైల క్లాసు తెరవాలె. తాలూకాల పాసైంది ఇదొక్కతే. ఇది గూడ పోతె డిగ్రీల ఎవల్ని కూసోవెట్టాలె? తాలూకా ఇజ్జత్ సవాల్!"

విమల కలిపిన ముద్ద విస్తట్లోనే ఉంది. తల ఎత్తకుండానే అడిగింది.

"దసరాకు మళ్ల పత్తి దిగుతది గద బాపూ. కాలేజీకి ఎట్ల పోవాలె?"

రాయమల్లు గారు తొక్కు నంజుకోబోతున్నవాడల్లా ఆగి, బిడ్డ వంక ఆశ్చర్యంగా చూశాడు.

"కాలేజీకి పొమ్మని ఎవలన్నరే నిన్ను? ఆ దిక్కు సూసినవంటె కాళ్లిరుగుతయ్. నువ్వు పాసు కావాల్నా, వద్దా?"