మంత్రిగారి టీ, మా ట్యాంకు నీళ్లు

శుక్రవారం సాయంత్రానికల్లా బిండిల్లా పట్టణంలో ఏ క్యారవాన్‌లోనూ కంపు నీళ్లుండవని మా మేయర్ లెస్టర్ గ్రిగ్ గారు సోమవారం ప్రకటించారు. ప్రకటించేటప్పుడు ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో సాసేజి చుట్టిన రొట్టె పట్టుకున్నారు. చివరిదాకా దేన్నీ వదల్లేదు. అంత పట్టుదల గల మనిషి.

మేముండేది చక్రాల ఇళ్లు నిలిపే ఊరి కౌన్సిల్ వారి క్యారవాన్ పార్కులోనే. వరదకు అద్దె ఇల్లు పోయాక నేనూ, తొమ్మిదేళ్ల మా బ్రియనీ ఒక పాత క్యారవాన్‌లో కాపురం పెట్టాం. దాని ట్యాంకులో ఊరి బోరు నీళ్లు పట్టిన రెండు వారాలకే కుళ్లిన గుడ్ల కంపు మొదలైంది. ఆ నీళ్లతో స్నానం చేసి పిల్లకు మెడ నిండా దద్దుర్లొచ్చాయి. దద్దుర్లు చీము పడతాయని, చీము రక్తంలో కలుస్తుందని, డాక్టరేమో మా ఊరికి నెలకు రెండుసార్లే వస్తాడని నాకు కంటిమీద కునుకు లేదు.

విరుగుడు నాకు తెలుసు. మా నాన్న క్యారవాన్‌లు బాగుచేసే పనిలోనే ముసలివాడయ్యాడు. ట్యాంకు ఖాళీ చేసి, కాస్త బ్లీచ్ కలిపిన నీళ్లు నింపి, ఒక పూట ఉంచి, రెండు మూడుసార్లు కడిగితే కంపు పోతుంది. ఖాళీ చేయడమే కుదరదు. నేలమీద పారబోస్తే పార్కులోంచి వెళ్లగొడతారు. మురుగునీరు పోయడానికి పార్కు చివర ఒక గుంట ఉండేది. ఇరవయ్యేళ్లు బాగా పనిచేసింది. బాగా పనిచేసేదాన్ని మంత్రిగారి చేత ప్రారంభం చేయించలేరు కనుక పోయిన నెల దాన్ని పూడ్చేసి, కొత్తది కట్టి, మూతకు తాళం వేశారు. పర్యాటక మంత్రిగారు శుక్రవారం వచ్చి రిబ్బను కత్తిరించాలి.

అదే రోజు ఆయన ఒక క్యారవాన్‌లో టీ కూడా తాగుతారట. కర్టెన్లు శుభ్రంగా ఉన్నాయని మాది ఎంపిక చేశారు. పరుగున మేయర్ గారి దగ్గరికి వెళ్లాను.

"మేయర్ గారూ, ఈ నీళ్లతో టీ ఇస్తే మంత్రిగారికి ఏమన్నా అయితే?"

"ఏమవుతుంది డెల్మా? కంపు తీసేస్తానని ప్రకటించానుగా!"

"అయితే ఒక్కరోజు ముందు ఆ తాళం తియ్యండి. పారబోసుకుంటాను."

"ప్రారంభం కాకముందే? మంత్రిగారికన్నా ముందు నీ నీళ్లా?"

"పోనీ, ముందు రిబ్బను కత్తిరించి, తర్వాత టీ..."

"కార్యక్రమం అచ్చయిపోయిందమ్మా. ముందు టీ."

మంగళవారం కంపు నిర్ధారణ కమిటీ వచ్చింది. ఐదుగురూ బిండిల్లాలో పుట్టి, ఆ బోరు నీళ్లు తాగి పెరిగినవారే. అధ్యక్షురాలు ఆరోగ్యాధికారి నోలీన్. కుళాయి కింద ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది.

"వాసనా? ఏం వాసన?"

"గుడ్లు కుళ్లినట్టు లేదూ?"

"మా ఇంట్లోనూ ఇంతే. మా అమ్మ ఇంట్లోనూ ఇంతే. దీన్ని వాసనంటారా ఎవరైనా? ఊరంటారు!"

కంపు లేదని, ఫిర్యాదు చేసినామె ముక్కుకు స్థానిక అనుభవం చాలదని ఆ సాయంత్రమే నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ అంత చురుగ్గా పనిచేయడం నేనెన్నడూ చూడలేదు. అయినా ఎందుకైనా మంచిదని బుధవారం మా క్యారవాన్‌కు పచ్చరంగు వేశారు. గురువారం లోపలంతా యూకలిప్టస్ కొమ్మలు కట్టారు. దాంతో ఇల్లు, చచ్చిన ఎలుకకు దగ్గుమందు పట్టినట్టు తయారైంది.

"సీసా నీళ్లు తెచ్చి టీ పెట్టనా?" అని బతిమాలాను.

మేయర్ గారు నొచ్చుకున్నారు. "అది మోసం డెల్మా. జనం తాగే నీళ్లే మంత్రిగారు తాగాలి. పేపరుకు అలాగే చెప్పాను."

"మీరూ ఒక కప్పు తాగుతారా మరి?"

"నాకు టీ పడదు."

శుక్రవారం మంత్రిగారు కొత్త టోపీతో వచ్చారు. టీ పోస్తుంటే నాకొకటే ఆలోచన: ఈయన ఇక్కడే కూలబడతాడు, నన్ను జైల్లో వేస్తారు, బ్రియనీని ఎవరి ఇంటికో పంపేస్తారు. కెమెరాలు దగ్గరికొచ్చాయి. ఆయన ఒక గుక్క తీసుకున్నారు. బుగ్గలు ఉబ్బాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మంత్రిగారు చలించిపోయారు!" అన్నారు మేయర్ గారు.

ఆయన నోరు ఖాళీ లేదు. కప్పు పట్టుకుని గబగబా బయటికి నడిచారు. ఉత్సాహం పట్టలేకపోతున్నారనుకుని మేయర్ గారు పరుగున వెళ్లి తాళం తీసి, కత్తెర అందించారు. రిబ్బను తెగింది, మూత లేచింది. మంత్రిగారు వంగి నోట్లోదీ, కప్పులోదీ అందులో పోసేశారు.

"తొలి చుక్క ఆయనే పోశారు! చూశారా నిరాడంబరత!" అని మేయర్ గారు కేకేశారు. అందరం చప్పట్లు కొట్టాం. బతికే ఉన్నాడన్న సంతోషంతో నేను మరీ గట్టిగా కొట్టాను. బిండిల్లా నీళ్ల రుచి మరువలేనిదని మంత్రిగారు ప్రసంగించారు. ఆయన పేరున్న ఇత్తడి ఫలకం బిగించారు. నాలుగింటికల్లా కార్లన్నీ వెళ్లిపోయాయి.

ఇంక ఆగలేకపోయాను. ట్యాంకులోంచి రెండు బకెట్లు పట్టి, నేనొకటీ బ్రియనీ ఒకటీ మోసుకుని గుంట దగ్గరికి వెళ్లాం. మూత ఎత్తి చూశాను. మోకాలి లోతు. చుట్టూ కొత్త సిమెంటు. నాలుగు పక్కలా చెయ్యి పెట్టి తడిమాను. నీళ్లు బయటికి పోయే గొట్టం ఎక్కడా లేదు. అడుగున గట్టి ఎర్రమట్టి, దాని మధ్య ఒక టీ కప్పు తడి, చుట్టూ చీమలు.

బ్రియనీ మెడ గోక్కుంటూ, "అమ్మా, పొయ్యనా?" అంది.

"వద్దమ్మా, మూత పెట్టెయ్," అన్నాను. "మంత్రిగారి టీయే ఇంకా ఇంకలేదు."