శాంతి ప్రారంభోత్సవం

వచ్చే శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు మా ప్రాంతంలో శాంతి నెలకొంటుందని మంత్రిగారు ప్రకటించారు. శాంతి తెస్తామని అన్ని ప్రభుత్వాలూ అంటాయి గానీ, టైముతో సహా చెప్పే ధైర్యం మా మంత్రిగారిదే.

అసలు శాంతితో పని ఎందుకు పడిందంటే, మా పవర్ స్టేషన్ సర్కిల్లో ఎవరి జెండా ఎత్తుగా ఉండాలన్న విషయం మీద మారుతి పార్టీకీ, ప్రతాప్ పార్టీకీ మాటామాటా పెరిగింది. రాళ్లు పడ్డాయి. ఇద్దరు ఆసుపత్రి పాలయ్యారు. ఏ జెండా ఎరుగని నింగమ్మ కుట్టుమిషను కాలిపోయింది. మర్నాడు నాయకులిద్దరూ ఆలోచించుకుని, ఇది జెండా గొడవ కాదు, మతం గొడవ అని తేల్చారు. జెండా అంటే పేపర్లో లోపలి పేజీలో వేస్తారు మరి. ప్రతాప్ ముస్లింల తరఫున, మారుతి హిందువుల తరఫున బాధపడటం మొదలుపెట్టారు. పీర్లను ఎత్తి ఊరేగించే పీర్ల పండుగను పోలీసులు ఆపేశారు.

దాంతో పక్క పల్లెలోని తిమ్మక్కకు కష్టం వచ్చిపడింది. ఆమె కోడలు రూపకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడోవాడు దక్కితే ఖాసిం పీరు ముందు పేరు పెడతానని తిమ్మక్క మొక్కుకుంది. వాడు దక్కాడు. పాకుతున్నాడు కూడా. పేరే లేదు.

"పీరు లేవకుంటె నా మనుమనికి పేరెట్ల పెట్టాలె సార్?" అని శాంతి కమిటీ ముందుకొచ్చి నిలబడింది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి కాబట్టి నాకిక్కడి సంగతులేమీ తెలియవని నమ్మి వేసుకున్నారు.

"ముందు శాంతి రానివ్వమ్మా, తర్వాత పర్మిషన్" అన్నారు తహసీల్దారుగారు. ఆయన తొందర ఆయనది. వేదిక మీద కౌగలించుకోవడానికి మతానికొకరు చొప్పున మనుషులు కావాలి. ఎదురుగా ఉన్న తిమ్మక్క మొగుణ్ణి పిలిచారు.

"పేరు?"

"హుసేనప్ప."

"ముస్లింల వైపు నిలబడు."

"మేం హిందువులం సార్. మా అవ్వ పీరుకు మొక్కుకొని గీ పేరు పెట్టింది."

"పీరును ఎత్తేదెవరు?"

"నేనే. మా తాత కాలం నుంచి మేమే ఎత్తుతం."

"మరింకేంటయ్యా? అటే నిలబడు!"

పక్కనున్న మస్తాన్ సాబ్‌ను చూశారు. "హర్ సాల్ హులిగెమ్మ జాతరకు బండి కట్టేది నేనే సాబ్" అన్నాడాయన వినయంగా. ఆయన్ని హిందువుల వైపు నిలబెట్టారు. అటొకరు, ఇటొకరు. లెక్క సరిపోయింది. ఇలాంటి అధికారులుండబట్టే దేశం నిలబడింది.

పదకొండుకు రావలసిన శాంతి ఒంటిగంటకు కారు దిగింది. రెండు మతాలూ తనకు రెండు కళ్లన్నారు మంత్రిగారు. ఏ కన్ను ఏదో చెప్పలేదు. ఒకే మోటార్ సైకిల్ మీద వచ్చిన హుసేనప్ప, మస్తాన్ సాబ్ సిగ్గుపడుతూ కౌగలించుకున్నారు. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. ఫొటో సరిగా రాలేదంటే మళ్లీ తుడుచుకున్నారు.

ఇదే అదననుకుని తిమ్మక్క పిల్లాణ్ణి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"శాంతి వచ్చె గద సార్. పండుగకు పర్మిషన్ ఇయ్యిండ్రి. పేరు పెట్టుకోవాలె."

"పండుగదాకా ఎందుకు తల్లీ, నేనే పెడతాను! ఏం పేరు?"

"ఖాసిమప్ప."

మంత్రిగారి నవ్వు సగంలో ఆగింది. పీయే ఆయన చెవిలో ఏదో ఊదాడు.

"ఖాసిం తీసెయ్యాలి!" అని మారుతి లేచాడు.

"అప్ప తీసెయ్యాలి!" అని ప్రతాప్ లేచాడు.

తర్వాత కుర్చీలు లేచాయి. మంత్రిగారు పిల్లాణ్ణి పీయేకిచ్చారు, పీయే తహసీల్దారుకిచ్చాడు, తహసీల్దారు నాకిచ్చారు. నేను తిమ్మక్కకిచ్చాను. "నామకరణంపై సబ్ కమిటీ వేస్తున్నాం" అని మైకులో చెప్పి మంత్రిగారు వెనక తలుపున వెళ్లిపోయారు.

తిమ్మక్క పిల్లాణ్ణి గుండెకు అదుముకుని ఏడ్చింది. "పేరుకే గిట్ల కొట్టుకుంటుండ్రు. పిలగాడు బతికిండని ఒక్కడన్న సంతోషపడిండా?"

కమిటీ సభ్యులకు ఆ విషయం మీద మాట్లాడే అధికారం లేదు.

అల్లరంతా అయ్యాక వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు ఒక్కొక్కరినీ నిలదీశారు. "గొడవ ఎవరి వల్ల?"

"ఖాసిమప్ప వల్ల" అన్నాడు మారుతి. "ఖాసిమప్ప వల్లే" అన్నాడు ప్రతాప్. ఇద్దరూ ఏకాభిప్రాయానికి రావడం ఈ జిల్లాలో అది రెండోసారి.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరుగారు కానిస్టేబుల్ నాగన్ననూ, సాక్షిగా నన్నూ వెంటబెట్టుకుని పల్లెకు బయల్దేరారు. ఆ ఖాసిమప్ప ఎవరో చెబుదామని నేను రెండుసార్లు నోరు తెరిచాను. అడిగినప్పుడే సాక్షి మాట్లాడాలన్నారు. తిమ్మక్క వాకిట్లో ఆయన లాఠీతో తలుపు కొట్టి గట్టిగా కేకేశారు.

"ఖాసిమప్పా! బయటికి రా!"

తిమ్మక్క పరుగెత్తుకొచ్చింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"ఓ రూపా, ఇన్నవా? సర్కారే మన పిలగాన్ని పేరు పెట్టి పిల్శింది! పీరు ఈ ఏడు లేవకుంటె ఏమాయె, పై ఏడు లేస్తడు!"

లోపలికెళ్లి గుప్పెడు చక్కెర తెచ్చి మా ముగ్గురి చేతుల్లో పోసింది. ఇన్‌స్పెక్టరుగారు ఉయ్యాల్లోకి వంగి చూశారు. ప్రధాన నిందితుడు ఆయన లాఠీ కొస పట్టుకుని నోట్లో పెట్టుకోబోయాడు.

ఆయన లాఠీ మెల్లగా విడిపించుకున్నారు. చక్కెర నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించారు.

"రాసుకో నాగన్నా" అన్నారు చివరికి. "నిందితుడు పరారీలో ఉన్నాడు."