తొమ్మిదిన్నర గజాల గొలుసు

ఆ శనివారం పొద్దున డెల్బర్ట్ పెట్టుకున్న పని ఒక్కటే: కొలిచే గొలుసుకు కిరసనాయిలు పూసి తుప్పు వదిలించడం. ఉక్కు మిల్లు మూతబడ్డాక అతనికి దొరికింది స్టోన్‌పోర్ట్ హామర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మైదానం చూసుకునే పని, అదీ రోజుకూలీ మీద. కొత్త లీగుకు ఇది మొదటి ఏడాది, ఆ రోజు ఆఖరి ఆట. "గొడవ లేకుండా గడిపెయ్, నీ ఉద్యోగం పర్మనెంటు చేస్తా," అన్నాడు జట్టు యజమాని క్రౌలీ. మిల్లువాళ్ళూ అదే మాట అన్నారు, మూసే ముందు వారం.

గుడ్డతో గట్టిగా లాగాడు. గొలుసు పుటుక్కున తెగింది. తుప్పు తిన్న లంకెలు కోసేసి బోల్టు బిగిస్తే పది గజాలది తొమ్మిదిన్నర అయింది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోతేనే బంతి ఆ జట్టు చేతిలో ఉంటుంది, లేదంటే అవతలివాళ్ళకు పోతుంది. దాటిందీ లేనిదీ తేల్చేది ఆ గొలుసే. "ఈ వానలో ఎవడు చూడొచ్చాడులే," అనుకున్నాడు.

సొంత మైదానంలో నాలుగాటలూ ఓడిన హామర్స్ ఆ రోజు గెలిచింది. వణుకుతున్న మూడొందల మందీ లేచి నిలబడ్డారు. అవతలి కోచ్ రాంకిన్ మాత్రం టేపు తెచ్చి బురదలో గొలుసు కొలిచాడు.

"ఏమయ్యా, మిగతా అరగజం ఏ కుక్క మెడకు కట్టావు?"

లీగు అధ్యక్షురాలు మిసెస్ హోల్కమ్ గొడుగుతో వచ్చింది. "ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

ఇవాళే అంటే తన చెయ్యి బయటపడుతుంది. "మొదట్నుంచీ ఇంతే మేడమ్. మీ ఆఫీసు పంపిందేగా!"

"అయితే ఇక్కడాడిన అయిదాటలూ చెల్లవు."

క్రౌలీ ముఖం పాలిపోయింది. "ఏడాదికి ఇక్కడ ఒక్కటి గెలిచాం, దాన్నీ మింగేశావు కదయ్యా! పో, మళ్ళీ కనపడకు."

డెల్బర్ట్ తలవంచుకుని గేటు దాకా వెళ్ళాడు. వెనక నుంచి క్రౌలీ కేక.

"ఆగవయ్యా డెల్బర్టూ! మనం ఓడినవన్నీ ఇక్కడివే, అవీ లెక్కలోంచి పోయాయి! బయట ఊళ్ళలో ఆడిన రెండూ గెలిచాం. లీగు మొత్తంలో ఓటమి లేని జట్టు మనదొక్కటే. కప్పు మనదేనయ్యా!"

రాంకిన్ టేపు బురదలోకి విసిరికొట్టాడు. మిసెస్ హోల్కమ్ గెలుపోటముల పట్టిక రెండుసార్లు చూసుకుని, చేదు మింగినట్టు తలూపింది. క్రౌలీ అక్కడికక్కడే తడికాగితం మీద పర్మనెంటు ఉద్యోగం రాసి సంతకం పెట్టాడు. డెల్బర్ట్ కళ్ళు తుడుచుకున్నాడు. వానలో ఎవరికీ తెలియలేదు.

సోమవారం లీగు మూసేశారు. జనం రావట్లేదట.

డెల్బర్ట్ ఉద్యోగానికి మాత్రం ఢోకా లేదు. వచ్చే సీజను మొదటి రోజు నుంచి చేరాలని కాగితంలో స్పష్టంగానే ఉంది.