ఓబుళేసు పెరట్లో కొంగ

ఆ పొద్దున కాఫీ తాగేసి, మర్నాటి కొళాయికి బిందెల వరుస పెట్టించాలన్నది గురప్ప ఆలోచన. రెండువేల మూడు ఎండాకాలం. కళ్యాణదుర్గంలోని ఆ వీధికి నాలుగు దినాలకొకసారి, అదీ గంటసేపే నీళ్ళు. ఇంటికి ఎనిమిది బిందెలు. తొమ్మిదోది కనిపిస్తే ఎవరిదైనా సరే, గురప్ప తీసి అవతల పెట్టేవాడు. వీధంతా ఆయన మాట మీదే నడిచేది. ఆ పెద్దరికం తప్ప తనకు వేరే ఆస్తి లేదని ఆయనకూ తెలుసు.

గ్లాసు ఎత్తాడో లేదో, పక్కింటి ఓబుళేసు పెరట్లోంచి ఒకటే కిచకిచ. పిచ్చుకలు, గోరింకలు, గువ్వలు గుంపులుగా దిగుతున్నాయి. గోడ ఎత్తుగా ఉండటంతో ఎక్కడ వాలుతున్నాయో కనిపించలేదు.

"ఏమే కదిరమ్మా, వాళ్ళ పెరట్లో అన్ని పిట్టలు ఎందుకు దిగుతాండాయి?"

"పిట్టలన్నాక దిగవా? కాఫీ చల్లారిపోతాది, తాగు."

"మన పెరట్లో ఎందుకు దిగవు మరి?"

బియ్యం చెరుగుతున్న కదిరమ్మ చేట ఆపింది. "వాటిష్టం," అంది.

పిట్ట ఊరికే వాలదు. లోపల నీళ్ళున్నాయి! ఓబుళేసు నెత్తికి నూనె రాసుకుని నిగనిగలాడటం కూడా గురప్పకు అప్పుడే అనుమానంగా తోచింది. నేరుగా ఎర్రన్న టీకొట్టుకు పోయి, "పైకి చెప్పొద్దప్పా, ఓబుళేసు తొట్టి కట్టినట్టుండాడు," అన్నాడు. పైకి చెప్పొద్దన్న మాటకు కాళ్ళెక్కువ. పదిగంటలకు తొట్టి కాస్తా బోరయింది. పన్నెండుకు ఓబుళేసు గోడ మీద ఎక్కడి నుంచో ఒక కొంగ వచ్చి వాలింది.

"కొంగొచ్చిందంటే చేపలుండాయన్నా!" అన్నాడు ఎర్రన్న, గుడ్లు మిటకరించి.

ఇక ఆగుతారా? మనకు తాగను చుక్క లేకపోతే వాడు చేపలు పెంచుతాడా అని వీధంతా కదిలింది. ముందు గురప్ప. "దొంగనీళ్ళు వాడినోళ్ళ బిందెలు నెల దినాలు వరుసలో పెట్టేది లేదు. ఇది నా మాట!" అని నడివీధిలో చెప్పాడు. అందరూ సరేనన్నారు.

ఓబుళేసు అన్నం చేత్తోనే తలుపు తీశాడు. పెరట్లో తొట్టీ లేదు, బోరూ లేదు. గోడ మొదట్లో చేటంత మడుగు, అందులో రెండు కప్పలు.

"మీ ఇంట్లో బోకులు తోమిన నీళ్ళు గోడ కింద ఊరుతాండాయనుకుంటి అన్నా," అన్నాడు ఓబుళేసు.

"నా మీదికే తోస్తావా? తవ్వండ్రా!"

కదిరమ్మ పరుగెత్తుకొచ్చింది. "వద్దప్పా! పిట్టలు తాగే నీళ్ళు, పాపం తగులుతాది!"

"నువ్వుండవే!"

జానెడు తవ్వగానే రబ్బరు పైపు బయటపడింది. నడుమ చీలి నీళ్ళు కారుతున్నాయి. ఒక కొస వెనక సందులోని ఆఫీసర్ల క్వార్టర్సు పైపు వైపు పోయింది. దానికి దినమూ నీళ్ళే. రెండో కొసను గురప్ప స్వయంగా పట్టుకుని, "రా బయటికి, దొంగముండా!" అని బలంకొద్దీ గుంజాడు. గోడకు అవతల, గురప్ప ఇంటి స్నానాలగదిలో, డ్రమ్ము దబ్బున పడిన చప్పుడైంది.

గురప్ప చేతిలో పైపు అలాగే ఉండిపోయింది.

"ఇదెప్పుడే?" అన్నాడు కదిరమ్మ వైపు తిరిగి.

"నువ్వు తాడిపత్రి పెండ్లికి పోయినప్పుడు ఏయిస్తి. దినానికి రెండు స్నానాలు జేస్తావే! ఎనిమిది బిందెలు నాలుగు దినాలు యాడ్నుంచి వస్తాండాయని ఒక్కనాడన్నా అడిగితివా?"

ఓబుళేసు చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళ కోసం చూసి, మానుకున్నాడు. "నెల దినాలంటివి గదన్నా?" అన్నాడు మెల్లగా.

గురప్పకు భూమి చీలితే బాగుండనిపించింది. మర్నాడు కొళాయి వచ్చింది. అందరూ చూస్తుండగా ఆయన తన ఎనిమిది బిందెలూ ఒక్కొక్కటే తీసి అవతల పెట్టాడు. తాగడానికి ఓబుళేసు రెండు బిందెలు ఇచ్చాడు. స్నానానికి అడగడానికి గురప్పకు మొహం చెల్లలేదు.

అంత నిక్కచ్చి మనిషి మళ్ళీ దొరకడని వరుస చూసే పని ఆయనకే ఉంచారు. కాకపోతే పదోరోజు నుంచి కాస్త దూరంగా నిలబడి చూడమన్నారు.