నిప్పు పొయ్యిదా, గొట్టానిదా

రోలాండ్ ఫిష్‌బాక్‌ని డ్రమ్లిన్‌లో అందరూ మంచివాడంటారు. మాంసం కొట్లో తూకం సరిగ్గా వేస్తాడు. ఎవరింట్లో చావు జరిగినా అందరికంటే ముందు తినడానికి ఏదో ఒకటి వండించి పట్టుకెళ్తాడు. పైసా జీతం లేకుండా ఇరవై ఏళ్ళుగా ఊరి ఫైరు దళానికి పెద్దగా ఉన్నాడు. అన్నీ నిజమే. నా షెడ్డు కప్పు మీద నిప్పురవ్వలు రాలుతుంటే చేతులు కట్టుకుని నిలబడి, "తొందరేం లేదు డార్లీన్, నువ్వే కానియ్" అన్నది కూడా ఆ మంచివాడే.

ఆ డార్లీన్ క్వామ్ పక్క ఊరు హోవెట్ దళానికి పెద్ద. పొద్దున, సాయంత్రం బడి బస్సు నడుపుతుంది, మధ్యలో మంటలార్పుతుంది. రెండు ఊళ్ళూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. విడివిడిగా ఏ ఊరికీ నిచ్చెన ఉన్న ఫైరింజను కొనే తాహతు లేదు. అందుకని ఆరేళ్ళ కిందట చర్చి నేలమాళిగలో, శుక్రవారం చేపల విందు తర్వాత, రెండు ఊళ్ళూ కూర్చుని కలిసి ఒకటి కొన్నాయి. ఏటా దాని ఖర్చు ఎలా పంచుకోవాలన్న దగ్గర గంట సేపు వాదన నడిచింది. ఎవరు ఎక్కువ వాడుకుంటే వాళ్ళు ఎక్కువ కట్టాలని చివరికి తేలింది. ఆ మాట మొదట అన్నది నేనేనని కొందరంటారు. నా జన్మలో నా ఇంట నిప్పంటుకోలేదు కాబట్టి అనే ఉంటాను.

లెక్క ఇలా పెట్టుకున్నారు. నిప్పు ఏ ఊరి నేల మీద పుడితే ఆ ఊరి దళపెద్ద ఆజ్ఞ ఇవ్వాలి. ఆజ్ఞ ఇచ్చిన ఊరి పేరు కింద ఒక గీత పడుతుంది. ఏడాది చివర ఎవరి గీతలు ఎక్కువైతే వాళ్ళు మరుసటి ఏడు ఖర్చులో మూడింట రెండు వంతులు భరించాలి. ఆ ఏడాది డిసెంబరు ముప్పై నాటికి అటు తొమ్మిది, ఇటు తొమ్మిది ఉన్నాయి.

ఆ రోజు పొద్దున నా పని ఒక్కటే. మధ్యాహ్నానికి మంచు పడుతుందన్నారు, ఈలోగా పాస్టరుగారి మంచు తోసే మిషను బాగుచేసి ఇవ్వాలి. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి నాకు వచ్చిన విద్య అదే. రెండూళ్ళ సరిహద్దు మీదున్న నా షెడ్డులో అలాంటివి పద్నాలుగు ఉన్నాయి, ముప్పై ఏళ్ళుగా కూడబెట్టిన పనిముట్లు ఉన్నాయి. అది కాలితే నేను కాలినట్టే. చలికి పొయ్యిలో నాలుగు కట్టెలు ఎక్కువ వేశాను. పది నిమిషాలకు పొగగొట్టంలో రైలు వస్తున్నట్టు హోరు మొదలైంది. బయటికి పరుగెత్తి చూస్తే, ముప్పై అడుగుల ఎత్తున గొట్టం నోట్లోంచి మంట లేస్తోంది.

అత్యవసర నంబరుకి ఫోన్ చేశాను.

"ఏ ఊరండీ?" అంది అవతలి అమ్మాయి.

"సరిహద్దు మీదమ్మా."

"సరిహద్దు అనే ఊరు నా దగ్గర లేదండీ."

"రెండూళ్ళకీ చెప్పు తల్లీ, ఎవరో ఒకరు వస్తారు."

ఇద్దరూ వచ్చారు. నిచ్చెన బండి వచ్చింది. ఎనిమిది మంది కుర్రాళ్ళు దిగి నీళ్ళ పైపులు విప్పి, నిచ్చెన దగ్గర సిద్ధంగా నిలబడ్డారు. ఆజ్ఞ ఒక్కటే తక్కువ.

మా ప్రాంతంలో తలుపు దగ్గర ఇద్దరు ఎదురైతే నువ్వు ముందంటే నువ్వు ముందని అక్కడే ఐదు నిమిషాలు నిలబడతారు. పెద్ద పళ్ళెంలో చివరి ముక్క ఎవరూ తీసుకోరు. ఆ మర్యాదను ఇంత అన్యాయంగా వాడుకోవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

"నీ అనుభవం ముందు నాదెంత రోలాండ్, నువ్వే చెప్పు," అంది డార్లీన్.

"అయ్యో, పొగగొట్టాల్లో నిన్ను మించినవాళ్ళు ఎవరు?"

"ఈ మార్విన్ నీ ఊరి మనిషే కదా," అంది డార్లీన్ నన్ను చూపించి.

"నిద్రపోవడం మా ఊళ్ళోనే. షెడ్డు ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి."

టేపు తెచ్చి కొలిచారు. పొయ్యి డ్రమ్లిన్ వైపు గోడ దగ్గర ఉంది. దాని గొట్టం ఏటవాలుగా షెడ్డంతా దాటి హోవెట్ వైపు గోడ మీంచి బయటికి వస్తుంది.

"నిప్పు పుట్టింది పొయ్యిలో," అంది డార్లీన్. "పొయ్యి మీ ఊరిది."

"పొయ్యిలో నిప్పుంటే దాన్ని ప్రమాదమనరు, వంట అంటారు," అన్నాడు రోలాండ్. "అంటుకున్నది గొట్టం. గొట్టం మీది."

"మరి పొయ్యి లేకుండా గొట్టం దానంతటదే అంటుకుందా?"

నిజం చెప్పాలంటే ఇద్దరి మాటా సబబుగానే ఉంది. ఒక్క ఊరు కొనలేనిది రెండూళ్ళు కలిస్తే కొనగలవు. కొన్నాక దాన్ని వాడమని చెప్పడానికి ఒక్క మనిషి చాలు. ఆ ఒక్క మనిషి మాత్రం రెండూళ్ళలో ఎక్కడా దొరకడు. ఇదంతా నాకు తర్వాత తోచింది. అప్పుడు మాత్రం కప్పు మీద మంచు కరిగి చుక్కలు పడుతున్న చోటునే చూస్తున్నాను. నా భార్య లోర్నా బాల్చీ, పాత పేపర్ల కట్ట పట్టుకుని లోపలికి వెళ్ళింది. పనిముట్లు బయటికి తెస్తుందనుకున్నాను.

"దీనికింత గొడవెందుకు?" అన్నాడు రోలాండ్. "షెడ్డు పన్ను ఏ ఊరికి కడుతున్నాడో ఆ ఊరిదే నిప్పు. ఆఫీసుకి ఫోన్ చేస్తే పోలా?"

డ్రమ్లిన్ ఆఫీసులో వెతికారు, నా షెడ్డు లేదు. హోవెట్ ఆఫీసులో వెతికారు, అక్కడా లేదు. ఫోను జేబులో పెట్టి డార్లీన్ నా వైపు తిరిగింది.

"మార్విన్, షెడ్డు కట్టి పదకొండేళ్ళయింది, పన్ను ఎవరికి కడుతున్నావు?"

డ్రమ్లిన్ వాళ్ళు అడిగితే షెడ్డు హోవెట్‌లో ఉందని, హోవెట్ వాళ్ళు అడిగితే డ్రమ్లిన్‌లో ఉందని చెబుతూ వచ్చాను. అబద్ధమేమీ కాదు, రెండూ సగం సగం నిజాలు. కానీ ఆ ఎనిమిది మంది కుర్రాళ్ళ ముందు అది అలా వినిపించదు.

కప్పు మీద అంతకుముందు పడిన రవ్వ ఒకటి రాజుకుని రేకు కింద చెక్క పొగచిమ్మింది.

"డ్రమ్లిన్," అన్నాను. "షెడ్డు డ్రమ్లిన్‌దే. పాత పన్నంతా కడతాను. నిచ్చెన ఎత్తండి."

"రాసిస్తావా?" అన్నాడు రోలాండ్. జేబులోంచి సాసేజి చుట్టే కాగితం తీశాడు. దాని మీదే రాసి సంతకం చేశాను. అతను దాన్ని నింపాదిగా రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, అప్పుడు చెయ్యెత్తాడు. నిచ్చెన లేచింది. కుర్రాడు పైకి ఎక్కి గొట్టంలోకి తొంగి చూశాడు.

"ఏం లేదు చీఫ్. ఆరిపోయింది. రేకు దగ్గర పొగొక్కటే, ఆ మంచునీళ్ళే ఆర్పేశాయి."

లోర్నా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"పొయ్యి తలుపు తెరిచి పరుగెత్తావు. ఇక గాలి లాగక ఏం చేస్తుంది? తడి పేపర్లు కుక్కి తలుపు మూశాను. పావుగంటయింది ఆరి."

"మరి చెప్పవేం?"

"అందరూ మాట్లాడుకుంటున్నారు. మధ్యలో అడ్డు రావడం మర్యాద కాదని ఊరుకున్నాను."

నిచ్చెన ఎత్తేసరికి నిప్పు లేదు కాబట్టి ఎవరి కిందా గీత పడలేదు. తొమ్మిదీ తొమ్మిదితోనే ఏడాది ముగిసింది, ఖర్చు చెరి సగం. రోలాండ్, డార్లీన్ చేతులు కలుపుకుని, నాకు కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పి వెళ్ళారు. సాసేజి కాగితం మాత్రం సోమవారం డ్రమ్లిన్ ఆఫీసుకి చేరింది. అది చూసి హోవెట్ తన వాటా అడిగింది. ఎవరిదెంతో తేల్చడానికి వసంతంలో సర్వే పెట్టారు. షెడ్డు రెండూళ్ళదీ కాదని, పాత పటాల్లో మధ్యలో వదిలేసిన సన్నటి నేల పీలిక మీద ఉందని, అది కౌంటీదని, అంటే జిల్లాదని సర్వేయరు తేల్చాడు. పన్ను ఎవరికీ కట్టనక్కర్లేదు. షెడ్డు మాత్రం తీసెయ్యాలి.

తీసేశాను. కౌంటీ ఆ పీలికను రెండూళ్ళకీ కలిపి ఇచ్చింది. నిచ్చెన బండికి అక్కడే కొట్టం కట్టారు, రోలాండ్ రిబ్బను కత్తిరించాడు. ఇంత దగ్గరలో ఫైరింజను ఇంకెవరికీ లేదు, అదృష్టవంతులమని లోర్నా అంటుంది.

నా చేతిలోంచి పోయిన నేల ఇరవై రెండు అడుగుల వెడల్పు, నూట నలభై అడుగుల పొడవు, మొత్తం మూడు వేల ఎనభై చదరపు అడుగులు.