తిరిగే స్టూలు మీద నాన్న

మా వంశంలో డిగ్రీ గట్టెక్కిన మొదటివాణ్ణి నేనే. అందుకని ఎవరి పిల్లలు ఏం చదవాలన్నా చుట్టాలు నన్నే సలహా అడుగుతారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ అడగరు.

మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫిజిక్స్ చదువుతానంది. రెండు కాలేజీల్లో సీటొచ్చింది. ఒకటి మా వీధి చివరే. అక్కడ గంట కొడితే మా వంటింట్లో గిన్నెలు మోగుతాయి. రెండోది రైలెక్కి, బస్సు మారి, ఆపైన దేవుడి మీద భారం వేసి నడవాల్సినంత దూరం. ఈ చదువుకి పేరున్నది దానికే.

నాకు పేరుతో పనేముందండీ! మా ఇంట్లో నా జోకులకు నవ్వేది ఆ పిల్ల ఒక్కతే. మా ఆవిడ పెళ్ళైన కొత్తలో నవ్వేది, తర్వాత మానేసింది. అమ్మాయి హాస్టల్‌కి పోతే ఇక నేను గోడలకు చెప్పుకోవాలి. ఈ మాట పైకి అనలేం కదా! అందుకే పథకం వేశాను.

"ఆ దూరపు కాలేజీది పైన పటారం, లోన లొటారం. ఒకసారి చూపించామంటే పిల్లకే విరక్తి పుడుతుంది," అన్నాను మా ఆవిడతో.

"చూపించండి," అంది.

ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. డిగ్రీలో ఇలాంటివి చెప్పరు.

కావాలనే డొక్కు బస్సు ఎక్కించాను. అది ప్రతి గుంతనీ పేరు పేరునా పలకరించింది. అమ్మాయి హాయిగా నిద్రపోయింది. నడుము పట్టేసింది నాకు.

ల్యాబ్‌లో గిర్రున తిరిగే స్టూలొకటి, ఇరుసుకి రెండు పక్కలా పిడులు బిగించిన సైకిల్ చక్రమొకటి కనిపించాయి. ఇదే సందనుకున్నాను.

"చూశావా తల్లీ? ఇంత పేరు మోసిన కాలేజీలో సైకిల్ షాపు సామాను!"

ఫిజిక్స్ మాస్టారు నవ్వి, "ఒకసారి కూర్చోండి సార్," అన్నారు.

"కూర్చుంటే ఏమవుతుంది?"

"మీరే చెబుదురుగాని."

చక్రాన్ని నిలువుగా నా చేతికిచ్చి జోరుగా తిప్పారు. "ఇప్పుడు పక్కకి వంచండి."

వంచాను. చక్రం సంగతి అలా ఉంచండి, నేను తిరగడం మొదలుపెట్టాను! గాభరాపడి రెండో పక్కకి వంచాను. ఈసారి ఎదురు తిరిగాను. నా చెప్పు ఒకటి కిటికీలోంచి సెలవు తీసుకుంది. మిగతా పిల్లల తల్లిదండ్రులంతా చుట్టూ మూగారు.

"ఆపండయ్యా బాబూ!"

"చక్రాన్ని మళ్ళీ నిలువుగా పెట్టు నాన్నా, ఆగిపోతావు!" అని అరిచింది అమ్మాయి.

పెట్టాను. నేను ఆగాను. గది మాత్రం ఆగలేదు.

అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. నా జీవితకాలపు జోకులన్నీ కలిపినా అంత నవ్వు రాలలేదు. ఆనక కళ్ళు తుడుచుకుని, "నాన్నా, ఫిజిక్స్ ఇలా చెబుతారంటే నేనిక్కడే చేరతాను," అంది.

ఇంటికి చేరేసరికి మా ఆవిడ తలుపు తీసి నా ఒంటి చెప్పు వంక చూసింది.

"విరక్తి పుట్టిందా?"

"పుట్టింది. నాకు."

"మంచిదే. మీరు బయల్దేరేదాకా అది వీధి చివరి కాలేజీయే చాలని మొండికేసింది. నాన్న ఒంటరివాడైపోతాడట."

కుర్చీలో కూలబడ్డాను. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే దాన్ని అంత దూరం తీసుకెళ్ళేవారా?"

మిగిలిన ఆ ఒక్క చెప్పూ విప్పి మూలకి గిరాటేశాను.

"సరేగానీ, అమ్మాయి ఫోన్‌లో చెప్పిన ఆ తిరగడమేదో ఓసారి చూపించండి."

చేసేదిలేక కాళ్ళు పైకెత్తి, చేతులు వంచి అభినయించాను. మా ఆవిడ నవ్వింది. పెళ్ళైన కొత్తలో నవ్వినట్టు, గోడకానుకుని మరీ నవ్వింది.

వచ్చే వారం అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిపోతోంది. మీలో ఎవరింట్లోనైనా పాత సైకిల్ చక్రముంటే కాస్త చెప్పండి. స్టూలు మాత్రం సంపాదించాను.