నీళ్లు కారని బాన

మట్టి కూడా కళేనని సమకాలీన కళాభవనం ఎట్టకేలకు గుర్తించింది. ఉత్తర్వు మంగళవారం వెలువడింది. (సోమవారం దాకా మట్టి ఏమై ఉండేదో అందులో లేదు.) చేతిపనివాళ్లు ఎవరైనా తమ వస్తువు తెచ్చి ప్రదర్శనకు పెట్టవచ్చు. షరతు ఒక్కటే, అది దేనికీ పనికిరాకూడదు. పనికొస్తే సామాను, పనికిరాకపోతే కళ. ఈ తేడా తేల్చడానికి నిరుపయోగ నిర్ధారణాధికారి అని ఒకాయనను నియమించి, ఆయనకొక బల్ల, ఒక ముద్ర, ఒక చెంబు ఇచ్చారు.

వీధిలో అందరూ కుండలామె అని పిలిచే ఆవిడకు ఈ షరతు సంగతి తెలియదు. ముప్పై ఏళ్లుగా ఆమె చేసినవన్నీ ఎవరి వంటింట్లోనో తలుపు వెనకాల తడిగుడ్డ కప్పుకుని బతికాయి. ఒక్కటైనా గది మధ్యలో నిలబడాలని, జనం అందులో ఏమీ పోయకుండా ఊరికే చూడాలని ఆమెకు కోరిక. నవ్వుతారని ఎవరితోనూ అనలేదు. నడుమెత్తు బాన మూడుసార్లు చేసింది. మొదటిది ఆరబెడితే పగిలింది. రెండోది కాలిస్తే బీటలిచ్చింది. మూడోది వేలితో కొడితే ఖంగుమంది. దానికి అతికినట్టు మూత కూడా చేసి, ఆడపడుచును తోడు తీసుకుని, చెరోపక్కా పట్టుకుని కళాభవనానికి మోసుకెళ్లింది.

వరుసలో ముందున్నాయన అడుగులేని బుట్ట చూపించాడు. రెండు నిమిషాల్లో ముద్ర పడింది. అతని వెనకున్న వడ్రంగి కుర్చీకి ఒక కాలు కోసి తెచ్చాడు. అధికారి దాన్ని గోడకానించి కూర్చుని చూశారు.

"హాయిగా ఉంది," అని తిరస్కరించారు.

కుండలామె వంతు వచ్చింది. అధికారి మూత తీసి ఫైళ్ల దొంతర మీద పెట్టి, అటెండరు చేత బానలో నీళ్లు పోయించి, గడియారం చూస్తూ అరగంట కూర్చున్నారు.

"కారడం లేదమ్మా," అన్నారు జాలిగా.

"కారదండీ!" అంది కుండలామె గర్వంగా.

ఆడపడుచు ఆమె మోచెయ్యి గిల్లింది. "నువ్వుండు వదినా. కారుతోందండీ, చూడండి, పక్కలంతా తడే!"

అధికారి జేబురుమాలుతో బాన పక్కలు ఒత్తి చూసి, పుస్తకం తెరిచారు. "చెమర్చుట కారుటగా పరిగణింపబడదు. తొమ్మిదో నిబంధన." (అదొక్కటీ ఎవరో కుండను చూసినవాళ్లు రాసినట్టుంది.)

"పోనీ, ఓ చిల్లు పెట్టుకొస్తే?" అంది ఆడపడుచు.

"అది మరమ్మతు కిందికొస్తుంది. దానికి వేరే కిటికీ."

"బాగున్నదాన్ని చెడగొట్టడం మరమ్మతా?"

"ఇక్కడ అంతేనమ్మా."

"చిల్లు పెట్టను," అంది కుండలామె. "నా చేతులు ఒప్పుకోవు."

సరిగ్గా అప్పుడే అటెండరు సంతకం కోసం అడుగునున్న ఫైలు లాగాడు. దొంతర ఒరిగింది. మూత నేలమీద పడి పదకొండు ముక్కలైంది.

కుండలామె ముక్కలు ఏరబోయింది. అధికారి మాత్రం బల్ల చుట్టూ తిరిగి వచ్చి, గొంతుక్కూర్చుని, ముక్కలను చాలాసేపు చూశారు. ఆయన కళ్లు వెలిగాయి.

"నీళ్లు నిలవవు. దేన్నీ మూయదు. అభినందనలు!"

"నాకాండీ?"

"ఉండండి." ఆయన కాగితం తిప్పారు. అక్కడ 'ప్రస్తుత రూపమిచ్చిన వ్యక్తి' అనే గడి ఉంది. అటెండరు వైపు చూశారు.

"నాకొద్దండీ బాబూ," అన్నాడు అటెండరు. "గ్లాసు పగలగొడితేనే మా ఆవిడ ఇల్లెగరేస్తుంది."

ఫైలు తనదే గనక, అధికారి కాసేపు మొహమాటపడి, తన పేరే రాసుకున్నారు.

"మరి నా బాన ఇచ్చేయండి," అంది కుండలామె.

ఇవ్వడానికి లేదు. రసీదులో 'బాన, మూతతో సహా' అని ఉంది. మూత లేకుండా బాన గుమ్మం దాటదు. మూత కళ అయింది గనక కదలదు.

బయటికి వచ్చాక ఆడపడుచు అంది: "ఈ మాత్రానికి ఇంతదూరం రావాలా వదినా? మా అన్నయ్యకు చెబితే రోజుకొకటి పగలగొట్టి పెట్టేవాడు!"

కుండలామెకు నవ్వొచ్చింది. వెనకే ఏడుపొచ్చింది. ఆ వెనకే బస్సు వచ్చింది గనక రెండూ ఆపుకుని ఎక్కింది.

ప్రారంభోత్సవానికి ఆమెకు ఆహ్వానం అందింది, 'మూత పూర్వ యజమాని' హోదాలో. గది మధ్యలో అద్దాల పెట్టె, లోపల పదకొండు ముక్కలు, పైన దీపం. పక్కన పలక: "రూపం తనను తాను ప్రశ్నించుకోవడం." జనం మర్యాదకు ఎంతసేపు చూడాలో అంతసేపు చూశారు. ఆ తర్వాత అందరూ గుమ్మం దగ్గరికి వచ్చి బారులు తీరారు. మంచినీళ్ల యంత్రం పొద్దున్నే పాడైంది. (దానికి ఎవరూ ముద్ర వెయ్యలేదు.) దాని బదులు బానను అక్కడ పెట్టి, ఒక గ్లాసు గొలుసుతో కట్టారు.

"ఎంత చల్లగా ఉన్నాయండీ!" అంటూ ముఖ్య అతిథి రెండు గ్లాసులు తాగి, పక్కనే నిలబడ్డ ఆమెను చూశారు. "మీరేం చేస్తుంటారమ్మా?"

"కుండలు చేస్తానండీ."

"అయ్యో, ఈ రోజుల్లో ఇంకా చేస్తున్నారా!" ఆయన నిజంగానే బాధపడ్డారు. "అవిప్పుడు మచ్చుకైనా కనబడవు గదండీ," అంటూ, మోచెయ్యి బాన అంచుమీద ఆనించి, మూడో గ్లాసు ముంచుకున్నారు.